బుడగలు లేని తొట్టి

మార్చి 4

పోయిన నెలలో నేను పరీక్షించిన గొట్టాల్లో ఒక్కటి కూడా ఫెయిల్ కాలేదు. అంతకు ముందు నెలలోనూ కాలేదు. ఇవాళ మేనేజరు అందరినీ క్యాంటీన్‌లో నిలబెట్టి నాకు ఒక గాజు బొమ్మ ఇచ్చాడు. డేగ బొమ్మ అన్నాడు. ఫ్యాక్టరీలో నన్ను వెనకాల ‘డేగ’ అంటారని తెలుసు. ఎదురుగా అనడం ఇదే మొదటిసారి. చేతిలోకి తీసుకుని చూస్తే నాకది కోడిలా కనిపించింది. ఈ రోజుల్లో గాజు పనివాళ్ళు ఏదీ శ్రద్ధగా చెయ్యడం లేదు.

రెండు ముక్కలు మాట్లాడమన్నారు. బాగా వచ్చింది కనుక ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

“మనం చేసేవి నీళ్ళు వడకట్టే గొట్టాలు. ఒక్కో గొట్టంలో వెంట్రుకంత సన్నని బోలు దారాలు వేలకొద్దీ ఉంటాయి. దారం గోడకు ఉన్న రంధ్రాల్లోంచి నీళ్ళు దూరతాయి, మురికి దూరదు. కానీ ఒక్క దారం తెగితే చాలు, మురికి ఆ దారిన దర్జాగా నడిచి వెళ్ళిపోతుంది. అందుకే ప్రతి గొట్టాన్నీ నా తొట్టిలో ముంచి లోపలికి గాలి పంపుతాం. ఎక్కడ తెగిందో అక్కడ బుడగ లేస్తుంది. ఆవగింజలో సగం. దాన్ని పట్టుకోవడమే నా ఉద్యోగం. ఒకప్పుడు రోజూ పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు పట్టుకోవడానికి బుడగలే లేవు. ఇది నా గొప్ప కాదు, తయారుచేసేవాళ్ళ గొప్ప.”

చివరి వాక్యానికి చప్పట్లు మారుమోగాయి. కొత్తమ్మాయి మాత్రం కొట్టలేదు. నా కింద పని నేర్చుకుంటున్న పిల్ల. కొత్తమ్మాయి అంటాను కానీ వచ్చి నాలుగేళ్ళయింది. చదువుకున్నవాళ్ళకి ఈర్ష్య కొంచెం ఎక్కువ.

మార్చి 9

తొట్టి మీది ట్యూబ్‌లైటు మార్పించాను. కొత్తది కూడా పాతదానిలాగే మసగ్గా వెలుగుతోంది. కంపెనీ ఎక్కడ పొదుపు చెయ్యకూడదో అక్కడే చేస్తోంది. పెన్నులు కూడా అంతే. ఈ పేజీ చూడు, నీళ్ళతో రాసినట్టుంది.

మధ్యాహ్నం కొత్తమ్మాయి తొట్టి దగ్గర నిలబడి, “సార్, కింద ఎడమ పక్క,” అంది.

“ఏముందక్కడ?”

“బుడగ సార్. మళ్ళీ వచ్చింది. మళ్ళీ.”

వంగి చూశాను. గాజుకి ముక్కు ఆనేంత దగ్గరగా చూశాను.

“అది గాజు మీద మరకమ్మా,” అన్నాను.

“మరక పైకి లేస్తుందా సార్?”

పాస్ అని సంతకం చేశాను. వాదించేవాళ్ళతో సంతకమే మాట్లాడాలి.

మార్చి 10

మరకే.

మార్చి 16

బావమరిది వచ్చాడు. వాడికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది కనుక లోకంలో ఎవడూ సరిగ్గా చూడలేడని వాడి సిద్ధాంతం. వాడు మెట్లెక్కి వస్తుంటే నేను ఎదురింటాయనతో మాట్లాడుతున్నాను. ఆయన ఎప్పటిలా ఉలకలేదు పలకలేదు. వాడు పక్కన నిలబడి కాసేపు విన్నాడు.

“బావా, ఎవరితో మాట్లాడుతున్నావు?”

“ఎదురింటాయనతో.”

“అది రెయిన్‌కోటు బావా. ఆరేసుకున్నారు.”

ఎదురింటాయన కూడా దానికంటే పెద్దగా మాట్లాడడు కనుక ఇందులో నా తప్పు లేదు. కానీ వాడు లోపలికి వచ్చాక మా ఆవిడకి చెప్పాడు. అక్కా తమ్ముళ్ళిద్దరూ నవ్వడం మానేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఏవండీ, ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే పోయేదేముంది?” అంది.

“ఫ్యాక్టరీ మొత్తం నా కళ్ళ మీద నడుస్తోంది,” అన్నాను.

“అదే నా భయం,” అంది.

వాడు రెండు వేళ్ళో మూడు వేళ్ళో నా ముందు ఆడించాడు. నీ వేళ్ళు లెక్కపెట్టడానికి కాదురా నేను చదువుకున్నది అన్నాను. నాకు కళ్ళజోడు అంటగట్టాలని వాడి ఆశ.

మార్చి 24

బట్టలకి రంగులద్దే ఫ్యాక్టరీ నుంచి ఫిర్యాదు. వాళ్ళు వాడేసిన నీళ్ళని మన గొట్టాల్లోంచి వడకట్టి కాలవలోకి వదులుతారు. కాలవ రంగు మారిందట. దిగువన తోటలవాళ్ళు గేటు ముందు కూర్చున్నారట.

మేనేజరు నన్ను పిలిచాడు. కుర్రవాడే, కానీ నన్ను ‘గురువుగారూ’ అంటాడు. ఆ సంస్కారం ఈ కాలంలో ఎక్కడుంది?

“గురువుగారూ, ఆ గొట్టాలన్నీ మీ సంతకంతో వెళ్ళినవే. మీరు వచ్చి ఒక్కసారి కనిపిస్తే వాళ్ళ నోళ్ళు మూతబడతాయి.”

“ఒకవేళ గొట్టం నిజంగా ఫెయిలైతే?” అని కొత్తమ్మాయి అడిగింది. పిలవని చోటికి రావడం ఆ పిల్లకి అలవాటు.

మేనేజరు నొచ్చుకున్నాడు. “ఫెయిల్ అనే మాట ఈ నెల నుంచి మనం వాడటం లేదమ్మా. ‘పాస్ దిశగా ప్రయాణిస్తున్నది’ అంటున్నాం. సర్క్యులర్ చూడలేదా?”

నేను కూడా చూడలేదు. చిన్న అక్షరాల్లో వేస్తున్నారు.

మార్చి 27

నా ఉద్యోగజీవితంలో మరిచిపోలేని రోజు. తీరిగ్గా రాస్తాను.

రంగుల ఫ్యాక్టరీ వెనకాల, నీళ్ళు కాలవలో కలిసే చోట అందరం నిలబడ్డాం. వాళ్ళ ఇంజనీరు సన్నగా, చొక్కా చేతుల మీద రకరకాల మరకలతో, నిద్ర లేనివాడిలా ఉన్నాడు. ఆయన వెనక తోటలవాళ్ళు పదిమంది గట్టు మీద చేతులు కట్టుకుని కూర్చుని చూస్తున్నారు. ఇంజనీరు రెండు గాజు గ్లాసులు నా ముందు పెట్టాడు.

“అయ్యా, ఇది మీ గొట్టాల్లోకి పోకముందు నీళ్ళు. ఇది పోయి వచ్చాక. మీరే చూసి చెప్పండి.”

రెండూ పైకెత్తి వెలుతురుకి పట్టి చూశాను. మొదటిది నల్లగా ఉంది. రెండోది లేత బూడిద రంగులో, మబ్బుపట్టిన రోజు ఆకాశంలా ఉంది. కాస్త మసక ఉంది కానీ ఆ మసక ఈమధ్య అన్నిటికీ ఉంటోంది, వేసవి దుమ్ము వల్ల.

“తేటగా ఉన్నాయి,” అన్నాను.

పక్కన ఎవరో దగ్గారు. మేనేజరు వైపు చూశాను. ఆయన మొహం స్పష్టంగా కనిపించలేదు కానీ తల ఊపుతున్నాడని తెలిసింది.

“మళ్ళీ చూడండి,” అన్నాడు ఇంజనీరు.

“నేను రెండోసారి చూడను. మొదటిసారే చూస్తాను,” అన్నాను. ఈ వాక్యం అప్పటికప్పుడు వచ్చింది.

“తేటగా ఉన్నాయంటారు?”

నాకు రోషం వచ్చింది. ఇన్నేళ్ళ నా సంతకాన్ని చొక్కాకి మరకలున్న మనిషి శంకిస్తున్నాడు. మాటలెందుకని గ్లాసెత్తి గటగటా తాగేశాను.

అక్కడున్న ఆడమనిషి ఒకావిడ “అయ్యయ్యో” అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంజనీరు నా చేతిలోంచి ఖాళీ గ్లాసు మెల్లగా, పసిపిల్లవాడి చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు తీసుకున్నాడు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తాగేసిన మనిషితో ఎవరు వాదించగలరు? తోటలవాళ్ళు కూడా నన్నే చూస్తూ లేచి నిలబడ్డారు. గౌరవంతో అనుకుంటాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో మేనేజరు నా చెయ్యి వదల్లేదు. “గురువుగారూ, కంపెనీ కోసం ఇంత చేసినవాణ్ణి నేను చూడలేదు,” అన్నాడు. నన్ను ఇంటి దాకా దింపాడు. నీళ్ళ సీసా ఇచ్చి, బాగా పుక్కిలించుకోండి అన్నాడు.

ఎందుకో మరి.

అదే రోజు, ఇంటికొచ్చాక

తలుపు తీసిన మా ఆవిడ పక్కకి తప్పుకోలేదు.

“నోరు తెరవండి.”

“ఏమైంది?”

“తెరవండి ముందు. నాలుక చాపండి.”

చాపాను.

“ఇది నాలుకా, సిరాబుడ్డా? పెదాలు కూడా నీలంగా ఉన్నాయి. పళ్ళు నీలంగా ఉన్నాయి. ఏం తాగొచ్చారు?”

అద్దం దగ్గరికి వెళ్ళాను. నాకేమీ కనపడలేదు. లైటు వేశాను. దగ్గరగా వెళ్ళాను. అద్దం మీద నా ఊపిరి ఆవిరి కట్టింది. తుడిచాను. ఆవిరి పోయింది, మసక పోలేదు.

ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది.

మార్చి 28

కడుపులో కొంచెం తేడాగా ఉంది. దారిలో తిన్న బిస్కెట్లు.

మార్చి 29

మళ్ళీ బిస్కెట్లే.

ఏప్రిల్ 2

అటు బావమరిది, ఇటు మా ఆవిడ, మధ్యలో నేను. కళ్ళ డాక్టరు దగ్గరికి అరెస్టు చేసినట్టు తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ నా కంట్లోకి వెలుగు కొట్టి చాలాసేపు చూసింది. కుడి కన్ను, ఎడమ కన్ను, మళ్ళీ కుడి కన్ను.

“ఎన్నాళ్ళ నుంచి కనపడటం లేదు?”

“కనపడుతోంది,” అన్నాను.

“శుక్లాలు. కుడి కంట్లో పూర్తిగా ముదిరింది, ఎడమది సగం దారిలో ఉంది. నీలం రంగు మీకు బూడిదగా కనపడుతూ ఉండాలి. మీరేం పని చేస్తారు?”

“చూస్తాను.”

“అంటే?”

“బుడగలు చూస్తాను. నీళ్ళు వడకట్టే గొట్టాల్లో.”

డాక్టరమ్మ చేతిలో లైటు ఆర్పేసి, మా ఆవిడ వైపు తిరిగింది.

“చూస్తున్నాననుకుంటారు,” అంది మా ఆవిడ.

ఆపరేషన్ చేయిస్తే మళ్ళీ బాగా కనపడుతుందట. ఒక కన్ను అయ్యాక కొన్నాళ్ళాగి రెండోది. బావమరిది బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేశాడు. “బావా, ఇది కళ్ళజోడు కేసు కాదు. నాకు పైసా లాభం లేదు. ఇప్పుడైనా నమ్ము,” అన్నాడు.

ఏప్రిల్ 3

డాక్టరమ్మకి అనుభవం తక్కువనిపిస్తోంది.

ఏప్రిల్ 4

అనుభవం తక్కువేమీ కాదు. గోడ మీద పట్టాలున్నాయి. నేను చదవలేకపోయాను, అంతే.

ఏప్రిల్ 6

మేనేజరుకి చెప్పేశాను. సెలవు కావాలి, కళ్ళకి ఆపరేషన్ అన్నాను. కుర్చీలోంచి లేచి తలుపు వేసొచ్చాడు.

“ఎవరికైనా చెప్పారా?”

“ఇంట్లోవాళ్ళకి తెలుసు.”

“ఫ్యాక్టరీలో?”

“లేదు.”

ఊపిరి పీల్చుకున్నాడు. “గురువుగారూ, మీ కళ్ళ మీద మాకున్న నమ్మకం మీకే లేదు. ఇప్పుడు ఆసుపత్రి ఆర్డరు వచ్చింది. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళకి రక్తం శుభ్రం చేస్తారు చూడండి, ఆ యంత్రాలకి నీళ్ళు కావాలి. ఎంత గొప్ప సేవ! గొట్టాలన్నీ మీ తొట్టిలోంచే వెళ్ళాలి. ఆ ఆర్డరు దాటాక ఒక కన్ను కాదు, రెండు కళ్ళూ చేయించుకుందురు గానీ.”

“నాకు సరిగ్గా కనపడటం లేదయ్యా.”

“కనపడనిది లేనట్టే కదా?” అన్నాడు. తర్వాత తనే గబుక్కున, “అంటే, ఉంటే మీకు కనపడకుండా ఉంటుందా అని,” అన్నాడు.

నాణ్యతా విభాగానికి నన్ను ‘ముఖ్య దార్శనికుడు’ చేస్తాడట. గది తలుపు మీద బోర్డు కూడా.

ఆలోచించి చెబుతానన్నాను.

ఏప్రిల్ 8

ఆలోచించాను. ఈ పరిస్థితిలో సెలవు పెట్టడం బాధ్యత లేకపోవడమే అవుతుంది. బోర్డు కోసం కాదు.

ఏప్రిల్ 9

బోర్డు పెట్టారు. పెద్ద అక్షరాలు. నేను కూడా చదవగలిగాను. బోర్డు కోసం కాదు.

ఏప్రిల్ 12

మా ఆవిడ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, గిన్నె ఎక్కడుందో చెబుతుంది, అంతే. ఇవాళ నేనే కదిపాను.

“ఆర్డరు అయిపోగానే చేయించుకుంటానన్నాను కదా.”

కూరలు తరుగుతోంది. కత్తి ఆపింది.

“రంగు నీళ్ళు మీరు తాగారు. నోరుంది కనుక కక్కారు, నాలుక చూసి నేను పట్టుకున్నాను. ఆసుపత్రి నీళ్ళు ఎవరు తాగి చెబుతారండీ? అవి నోట్లోకి పోవుగా, నేరుగా రక్తంలోకి పోతాయిగా.”

ఆవిడ మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ఆవిడ మొహంలో కోపం ఉందో ఏడుపు ఉందో తెలుసుకుందామని చూశాను. మొహం ఉన్న చోట మొహం ఉంది. అంతకు మించి కనపడలేదు.

ఏప్రిల్ 13

ఆసుపత్రి గొట్టాల్లో మొదటిది తొట్టిలో దిగింది. గాలి పెట్టారు. నా కుర్చీలో నేను కూర్చున్నాను. నీళ్ళు నీళ్ళలా ఉన్నాయి. బుడగలు లేవు. తొట్టి అవతల గోడ కూడా లేదు.

కొత్తమ్మాయి పక్కన నిలబడింది. ఈమధ్య ఏమీ చెప్పడం మానేసింది. చెప్పి చెప్పి విసిగిపోయి ఉంటుంది.

“అమ్మాయ్,” అన్నాను. “ఉందా?”

నేను ఎప్పుడూ అడగలేదు కనుక దేని గురించో అర్థం కాలేదేమో.

“ఏంటి సార్?”

“బుడగ. ఉందా?”

“ఉంది సార్. రెండు చోట్ల. పైన మూల ఒకటి, నడిమిట్లో ఒకటి.” తర్వాత మెల్లగా అడిగింది. “సార్, మీకు కనపడటం లేదా?”

“ఎప్పటి నుంచి తెలుసు నీకు?”

“మొన్న చలికాలం నుంచి అనుమానం. మీరు ఒకరోజు నాకు బదులు హ్యాంగర్‌కి వేసిన నా కోటుకి పని పురమాయించారు.”

మరి చెప్పలేదేం అని అడగబోయి ఆగిపోయాను. రోజూ చెప్పింది. వేలు పెట్టి చూపించింది కూడా.

గొట్టం మీద ‘ఫెయిల్’ అని రాసి సంతకం చేశాను. పెద్ద అక్షరాలతో రాశాను, ‘ఫెయిల్’ ‘పాస్’ లాగా కనపడకూడదని. సాయంత్రానికి మేనేజరు ఆ కాగితం చించి, “ప్రయాణిస్తోంది కదా, తొందరెందుకు?” అన్నాడు.

రేపు సెలవు పెట్టకుండానే డాక్టరమ్మ దగ్గరికి వెళుతున్నాను. బావమరిది ఇంట్లో పని ఉందని ఆఫీసులో చెప్పమని కొత్తమ్మాయికి చెప్పాను. ఒక రకంగా నిజమే, వాడి కారే.

ఏప్రిల్ 19

కంటి కట్టు విప్పారు.

ఎలా రాయాలో తెలియడం లేదు. ఈ సిరా నీలం. నేను ఇన్నాళ్ళూ దీన్ని వెలిసిపోయిన నలుపు అనుకుని దుకాణంవాడితో రెండుసార్లు పోట్లాడాను. మా ఇంటి కిటికీ తెరలు నీలం. మా ఆవిడ వాటిని నిరుడు కొన్నప్పుడు, బూడిద రంగు ఎందుకు తెచ్చావు, ఇల్లు ఆసుపత్రిలా ఉంది అని నేను విసుక్కున్నాను. అప్పుడు ఏమీ అనలేదు. ఆవిడ అలా చాలా విషయాలకి ఏమీ అనలేదు.

ఆవిడ మొహం కూడా చూశాను. నేను చూడనప్పుడు ఆవిడకి వయసు వచ్చేసింది. కళ్ళ కింద సన్నటి గీతలు. ఒక్కటొక్కటీ చూస్తుంటే, “ఏంటలా చూస్తారు?” అని అటు తిరిగింది.

“మొదటిసారి చూసినట్టుంది,” అన్నాను.

“మొదటిసారి చూసినప్పుడు ఇంతసేపు చూడలేదులెండి,” అంది.

గాజు బొమ్మ చూశాను. నిజంగానే డేగ. ఈక ఈకా చెక్కారు. పాపం ఆ పనివాణ్ణి అనవసరంగా అన్నాను.

ఏప్రిల్ 25

ఫ్యాక్టరీకి వెళ్ళాను. తొట్టిలో గొట్టం ఉంది. గాలి పెట్టారు.

నా కుర్చీలో కూర్చుని చూశాను. బుడగ ఒకటి కాదు. గుండుసూది తలంతవి వరసగా, ఎవరో తరుముతున్నట్టు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. తర్వాతి గొట్టం, ఆ తర్వాతిది. కొన్ని బాగున్నాయి. కొన్నిట్లో తొట్టి సోడా సీసాలా ఉంది.

“కనపడుతున్నాయా సార్?” అంది కొత్తమ్మాయి.

“ఇవన్నీ ఇలాగే ఉండేవా?”

తర్వాతి గొట్టం తొట్టిలోకి దించింది. జవాబిచ్చి ఉంటే బాగుండేది.

చెడ్డవాటన్నిటి మీదా ‘ఫెయిల్’ రాశాను. గంటలోపల మేనేజరు వచ్చాడు. బోర్డు ఉన్న గదిలోకి నన్ను తీసుకెళ్ళి కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

“చేయించేసుకున్నారన్నమాట.”

“కుడి కన్ను.”

“ఎడమది?”

“వచ్చే నెల.”

టీ పూర్తిగా తాగాడు. తర్వాత అతని మొహం వికసించింది. ఇప్పుడు మొహాలు వికసించడం నాకు కనపడుతోంది.

“గురువుగారూ, ఒక మాట. ఎడమది అలాగే ఉంచెయ్యకూడదూ? ఇంట్లో, రోడ్డు మీద, పేపర్ చదవడానికి కుడి కన్ను వాడుకోండి. మేం కాదనం. తొట్టి దగ్గరికొచ్చేసరికి దాన్ని మూసుకుని రెండోదానితో చూడండి. అదీ మీ కన్నే కదా. సంతకంలో అబద్ధమేముంది?”

వేళాకోళం ఆడుతున్నాడేమోనని ఒక్క నవ్వు కోసం వెతికాను. లేదు. మనస్ఫూర్తిగానే అడుగుతున్నాడు.

“తెగిన దారం రెండు కొసలూ జిగురుతో మూసేస్తే గొట్టం మళ్ళీ పనికొస్తుంది,” అన్నాను. “మనకి తెలియని పనేం కాదు. కొన్ని వారాలు పడుతుంది, అంతే.”

“ఆసుపత్రివాళ్ళు వచ్చే వారం స్వయంగా చూడ్డానికి వస్తున్నారు,” అన్నాడు. “వారాలెక్కడివి?”

మే 2

ఆసుపత్రి నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, నీళ్ళ యంత్రాలన్నీ ఆవిడ చూసుకుంటుందట. తక్కువ మాట్లాడుతుంది. మేనేజరు ఆ లోటు తీర్చాడు.

గొట్టం తొట్టిలో దిగింది. బుడగలు లేవు. ఒక్కటి కూడా లేదు. నా కుడి కన్ను మీదే నాకు అనుమానం వచ్చింది. కొత్తమ్మాయి నా మోచేతిని తాకి, గోడ మీది మీటరు వైపు కళ్ళతో చూపించింది. గాలి ప్రెషర్ ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. అంత తక్కువ గాలికి జల్లెడలోంచి కూడా బుడగ రాదు.

మేనేజరు ఇంజనీరమ్మకి చెబుతున్నాడు. “మా గురువుగారి కన్ను అంటే ఈ రంగంలో తెలియనివాళ్ళు లేరమ్మా. ఆయన లేదంటే లేదు.”

ఆవిడ నా వైపు తిరిగింది. “లేదంటారా?” అంది.

ధైర్యం వల్ల లేచానని రాసుకోవాలని ఉంది. కానీ నిజానికి ఆవిడ చూపు నుంచి తప్పించుకోవడానికే లేచాను. మీటరు దగ్గరికి వెళ్ళాను.

“అమ్మా, గాలి తక్కువ పెట్టారు. సరిగ్గా పెట్టి చూపిస్తాను,” అని మర తిప్పాను.

తొట్టిలో ముందు ఒకటి లేచింది. తర్వాత వరస. ఇంజనీరమ్మ గాజు మీదికి వంగి చూసింది. మేనేజరు, “అది గొట్టంలోని జీవశక్తి...” అని ఏదో మొదలుపెట్టి ఆపేశాడు.

“బాగుచెయ్యడానికి కుదురుతుందా?” అని ఆవిడ అడిగింది. మేనేజర్ని కాదు, మమ్మల్ని.

“కుదురుతుంది,” అంది కొత్తమ్మాయి. “ఒక్కో దారం వెతికి మూసెయ్యాలి. టైం పడుతుంది.”

“మా దగ్గర పాత గొట్టాలున్నాయి, ఇంకొన్నాళ్ళు లాగుతాం. బాగుచేశాక నాకు ఇలాగే చూపించండి. గాలి నేనే పెడతాను.” సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. “మా దగ్గరికి వారానికి మూడుసార్లు వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళని మీరు చూసి ఉండరు,” అంది. తిట్టినట్టు కాదు, ఊరికే చెప్పినట్టు.

మే 3

తలుపు మీది బోర్డు తీసేశారు. మేకులు అలాగే ఉంచారు, ఇంకెవరికైనా పనికొస్తాయని.

మే 5

నిద్ర పట్టడం లేదు. ఆసుపత్రి గొట్టాలు ఆగాయి సరే. చలికాలం నుంచి నా సంతకంతో వెళ్ళినవి? నేను వాటిని చూడలేదు. చూశానని రాశాను.

మేనేజర్ని అడిగాను, అందరికీ చెప్పి వెనక్కి తెప్పిద్దాం అని. “వెనక్కి అనే మాట మనం వాడటం లేదు,” అన్నాడు.

మే 7

ఇంటి నుంచి నేనే ఫోన్లు చేశాను. మా ఆవిడ పక్కన కూర్చుని నంబర్లు చదివింది. నేను చదవగలను, కానీ చదవనిచ్చాను.

ప్రతివాళ్ళకీ ఒకటే మాట చెప్పాను. “మీకు పంపిన గొట్టాల్ని నేను పరీక్షించాను. అప్పుడు నాకు కళ్ళు కనపడలేదు. వాటిని మళ్ళీ పరీక్షించాలి.” కొందరు తిట్టారు. ఒకాయన నేను తాగి ఫోన్ చేశాననుకున్నాడు.

రంగుల ఫ్యాక్టరీ ఇంజనీరు మాత్రం చెప్పిందంతా విన్నాడు. తర్వాత, “మీరు బాగానే ఉన్నారా? ఆ రోజు నుంచి అడుగుదామనుకుని మొహమాటపడ్డాను,” అన్నాడు. ఆ తోటలవాళ్ళ సంగతి అడిగాను. రెండు మళ్ళు పోయాయట, మిగతావి తట్టుకున్నాయట. నేను వచ్చి వాళ్ళతో మాట్లాడతానన్నాను. “రండి. ఈసారి ఏమీ తాగకండి,” అన్నాడు.

మే 16

గొట్టాలు లారీల్లో తిరిగొస్తున్నాయి. యార్డు నిండిపోయింది. ఫోన్లు ఎవరు చేశారో పై వాళ్ళకి తెలిసిపోయింది. నన్ను తీసేస్తారనుకున్నాను. కానీ కస్టమర్లు ఒకరిద్దరు, తమంతట తామే తప్పు చెప్పిన కంపెనీని ఇదే చూడటం అని ఉత్తరం రాశారట. దాంతో మేనేజరుకి ‘పారదర్శకత’కి బహుమతి వచ్చింది. క్యాంటీన్‌లో మాట్లాడుతూ, నిజాన్ని ఒప్పుకోవడానికి తానెంత సంఘర్షణ పడ్డాడో చెప్పి కళ్ళు ఒత్తుకున్నాడు. సంఘర్షణ పడిన మాట నిజమే. నేను కూడా చప్పట్లు కొట్టాను. కొత్తమ్మాయి ఈసారీ కొట్టలేదు.

నాకు హోదా తగ్గించారు. తొట్టి బాధ్యత ఆమెకిచ్చారు. నేను ఆమెకి సహాయకుణ్ణి.

మే 20

మొదటి రోజు. అలవాటు కొద్దీ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ఆమె లేవమనలేదు, పక్కన నిలబడింది. కాసేపటికి నాకే తట్టి లేచాను. ఆమె కూర్చుని, కుర్చీని కొంచెం ముందుకి జరుపుకుంది.

తిరిగొచ్చిన గొట్టాల్లో ఒకటి దించాం. దారాలు మూసి బాగుచేసినదే. ఇద్దరం చూశాం. నేను కొత్త కన్నుతో, ఎంత శ్రద్ధగా చూడగలనో అంత శ్రద్ధగా, మూల మూలా చూశాను.

“ఉందా సార్?”

“లేదమ్మా,” అన్నాను. తేలిగ్గా అనిపించింది. “తేటగా ఉంది. రాసెయ్.”

ఆమె రాయలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని తొట్టి వైపే చూస్తూ కూర్చుంది. పంపు శబ్దం తప్ప ఏమీ లేదు. నాకు విసుగొచ్చింది. నేను లేదన్నాక ఇంకేం చూస్తుంది అనుకున్నాను. అనబోయాను కూడా.

అప్పుడు కింది అంచున, రెండు దారాల మధ్య నుంచి ఒకటి మెల్లగా విడివడింది. ఎంత చిన్నదంటే, పైకి వచ్చేదాకా అది కదులుతోందని నమ్మలేకపోయాను.

“ఉంది,” అన్నాను.

“ఉంది సార్,” అని ఆమె పెన్ను తీసుకుంది.